గుండె డిశ్చార్జి సమ్మరీని చదివి అర్థం చేసుకోవడం ఎలా?

ఇంట్లో ఒకరు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరి తిరిగివచ్చినప్పుడు, వెంట వచ్చిన ఫైలులో చాలామంది చూసేవి రెండే కాగితాలు: బిల్లు, మందుల పట్టిక. డిశ్చార్జి సమ్మరీలోని పొడి అక్షరాలను చూసి, అది డాక్టర్ల కోసం రాసినదనుకుని మడిచి పెట్టేస్తారు. కానీ రోగికి ఏం జరిగింది, ఏం చేశారు, ఇంకా ఏం మిగిలి ఉంది అనే మూడు సంగతులూ ఉన్నది అందులోనే. కుటుంబంలో కనీసం ఒక్కరైనా దానిని చదవగలిగితే తరువాతి చికిత్స సజావుగా సాగుతుంది. వైద్యం మనమే చేసుకోవడానికి కాదు, డాక్టరు దగ్గర ఉన్న కొద్ది నిమిషాల్లో సరైన ప్రశ్న అడగడానికి ఈ చదువు అవసరం.

మొదట కాగితాలను తేదీల వారీగా పేర్చండి

ఈసీజీ, ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్), ఆంజియోగ్రామ్ రిపోర్టు, రక్తపరీక్షలు, డిశ్చార్జి సమ్మరీ అన్నింటినీ పాతవి కింద, కొత్తవి పైన ఉండేలా పెట్టుకోండి. ఈసీజీని ముద్రించేది వేడికి నల్లబడే ప్రత్యేకమైన కాగితం మీద కాబట్టి కొంతకాలానికి ఆ గీతలు వెలిసిపోతాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే జిరాక్స్ తీయించి, ఫోనులో ఫొటో కూడా తీసి ఉంచుకోండి. ఆంజియోగ్రామ్ సీడీ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. స్టెంట్ (ఇరుకైన నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేసి ఉంటే, దాని పెట్టె మీది స్టిక్కరును సమ్మరీకి అతికించారో లేదో చూడండి.

స్టిక్కరు మీద 3.0 × 28 అని ఉంటే స్టెంటు వ్యాసం 3 మిల్లీమీటర్లు, పొడవు 28 మిల్లీమీటర్లు అని అర్థం. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు కూడా అక్కడే ఉంటాయి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. మందు పూత ఉన్న స్టెంటుకు అప్పుడు పెట్టిన పరిమితి 29,600 రూపాయలు. తరువాత అది మారుతూ వచ్చింది. స్టెంటు ధరను బిల్లులో విడిగా చూపించాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది కాబట్టి, స్టిక్కరునూ బిల్లునూ పక్కపక్కన పెట్టి సరిచూసుకునే హక్కు మీకు ఉంది.

తరువాత గుండె పటాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి

బడిలో చదువుకున్న పాఠమే ఇక్కడ పనికివస్తుంది. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం కుడి కర్ణికలోకి, అక్కడినుంచి ట్రైకస్పిడ్ కవాటం దాటి కుడి జఠరికలోకి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ ప్రాణవాయువును నింపుకుని ఎడమ కర్ణికకు చేరి, మైట్రల్ కవాటం దాటి ఎడమ జఠరికలోకి దిగి, అయోర్టిక్ కవాటం గుండా మహాధమనిలోకి ఎగజిమ్ముతుంది. రిపోర్టుల్లో కుడి కర్ణిక ఆర్‌ఏ, కుడి జఠరిక ఆర్‌వీ, ఎడమ కర్ణిక ఎల్‌ఏ, ఎడమ జఠరిక ఎల్‌వీ. శరీరమంతటికీ రక్తాన్ని తోసే పని ఎడమ జఠరికదే కాబట్టి, రిపోర్టులో ఎల్‌వీ అన్న అక్షరాలు పదేపదే కనిపిస్తాయి.

గుండె కండరానికి కూడా రక్తం కావాలి. దానిని అందించే హృదయ ధమనులు మహాధమని మొదట్లోనే పుడతాయి. ఎడమవైపు పొట్టిగా ఉండే ప్రధాన కాండం ఎల్‌ఎమ్‌సీఏ. అది రెండుగా చీలి ముందువైపు ఎల్‌ఏడీగా, పక్కకు తిరిగి ఎల్‌సీఎక్స్‌గా సాగుతుంది. కుడివైపుది ఆర్‌సీఏ. ఈ పేర్లను ఒక కాగితం మీద బొమ్మగా గీసి పెట్టుకుంటే మిగిలిన చదువు సగం తేలికవుతుంది.

నిర్ధారణ వాక్యాన్ని ముక్కలుగా విడదీయండి

సమ్మరీ పైభాగంలో డయాగ్నోసిస్ అన్న శీర్షిక కింద ఉండే రెండు మూడు వరుసలే అన్నింటికన్నా ముఖ్యం. సాధారణంగా అవి ఇలా ఉంటాయి: కే/సీ/ఓ హెచ్‌టీఎన్, టీ2డీఎమ్, సీఏడీ, ఏసీఎస్, యాంటీరియర్ వాల్ ఎమ్ఐ, ఎస్/పీ పీటీసీఏ విత్ డీఈఎస్ టు ఎల్‌ఏడీ, మోడరేట్ ఎల్‌వీ డిస్‌ఫంక్షన్. ఒకేసారి చదివితే తల తిరుగుతుంది. ప్రతి ముక్క దగ్గరా ఆగి, ఇది పాత జబ్బా, కొత్త జబ్బా, చేసిన చికిత్సా, మిగిలిన నష్టమా అని ప్రశ్నించుకుంటే వాక్యం దానంతట అదే విడిపోతుంది.

కే/సీ/ఓ అంటే ముందునుంచీ ఉన్నట్టు తెలిసిన జబ్బు. ఇక్కడ అవి రెండు: అధిక రక్తపోటు, రెండో రకం మధుమేహం. సీఏడీ అంటే హృదయ ధమనుల జబ్బు, అంటే గుండె రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకు కావడం. అది ఉన్నట్టుండి ముదిరి ప్రాణం మీదికి వచ్చిన స్థితి ఏసీఎస్. ఎమ్ఐ అంటే గుండెపోటు. రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోవడం. యాంటీరియర్ వాల్ అంటే ముందు గోడ, ఇన్ఫీరియర్ వాల్ అంటే కింది గోడ. ముందు గోడకు రక్తం వచ్చేది ప్రధానంగా ఎల్‌ఏడీ నుంచి కాబట్టి, అదే వాక్యంలో తరువాత ఎల్‌ఏడీకి స్టెంటు వేసినట్టు ఉండడం సహజం. కొన్ని సమ్మరీల్లో స్టెమీ అనో, ఎన్‌స్టెమీ అనో ఉంటుంది. స్టెమీలో ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచి కనిపిస్తుంది; సాధారణంగా నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది, దానిని వెంటనే తెరవాలి. ఎన్‌స్టెమీలో ఈసీజీలో ఆ గుర్తు లేకపోయినా రక్తంలో ట్రోపోనిన్ పెరిగి కండరం దెబ్బతిన్న సంగతిని చెబుతుంది. రెండూ గుండెపోట్లే, రెండోదాన్ని చిన్నదని తీసిపారేయకూడదు.

ఎస్/పీ అంటే ఆ చికిత్స జరిగిపోయింది అని. పీటీసీఏ లేదా పీసీఐ అంటే చేతి మణికట్టు నుంచో తొడ నుంచో సన్నని గొట్టాన్ని పంపి, బెలూనుతో ఇరుకును తెరవడం. డీఈఎస్ మందు పూత ఉన్న స్టెంటు. చివరి ముక్క, ఎడమ జఠరిక పనితీరు మధ్యస్థంగా తగ్గిందని చెబుతోంది. ఇప్పుడు మొత్తం వాక్యాన్ని మీ మాటల్లో ఇలా రాసుకోవచ్చు: బీపీ, షుగర్ ఉన్న మనిషికి ఎడమవైపు ముందు నాళం మూసుకుపోయి గుండెపోటు వచ్చింది, ఆ నాళాన్ని తెరిచి స్టెంటు వేశారు, గుండె పంపింగ్ కొంత తగ్గింది. ఈ ఒక్క వాక్యాన్ని తెలుగులో రాసి, తేదీ వేసి, రోగి జేబులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. ఏ కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లినా చెప్పవలసిన మొదటి మాట అదే.

మూడు మాటలను కలిపేయకండి

గుండెపోటు, గుండె ఆగిపోవడం, హార్ట్ ఫెయిల్యూర్ అనే మూడింటినీ మన మాటల్లోనూ, వార్తల్లోనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ఈ గందరగోళం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

గుండెపోటు రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చేది. చాలామంది రోగులు స్పృహలోనే ఉంటారు, మాట్లాడుతుంటారు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ, వృద్ధులలోనూ నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే కనిపించవచ్చు. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకోవడం మన ఇళ్లలో తరచూ జరిగేదే. ఆ పోగొట్టుకున్న గంటల్లోనే కండరం నశిస్తుంది. నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అయినా, వెంటనే చేసే ఆంజియోప్లాస్టీ అయినా, సాధారణంగా నొప్పి మొదలైన 12 గంటల లోపలే ఎక్కువ ప్రయోజనం ఇస్తాయి, అందులోనూ తొలి గంటల్లో మరీ ఎక్కువ.

గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్, విద్యుత్ లయ పూర్తిగా చెడిపోయి రక్తం కదలకపోవడం. మనిషి కుప్పకూలిపోతాడు, స్పృహ ఉండదు, ఊపిరి మామూలుగా ఆడదు. అప్పుడు 108కి ఫోన్ చేయించి, వెంటనే రొమ్ము మధ్యలో గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టాలి. గుండెపోటు వల్ల ఇది రావచ్చు కానీ రెండూ ఒకటి కావు. సమ్మరీలో వీటీ లేదా వీఎఫ్ (జఠరికల్లో పుట్టే ప్రమాదకరమైన లయలు) అని రాసి, పక్కన డీసీ షాక్ ఇచ్చినట్టు ఉంటే, రోగి ఈ గండాన్ని దాటి వచ్చాడని తెలుసుకోండి.

ఇక హార్ట్ ఫెయిల్యూర్. సీసీఎఫ్ అని కూడా రాస్తారు. ఈ మాట చూడగానే గుండె పని అయిపోయిందని కుటుంబం కుంగిపోతుంది. నిజానికి శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె తోయలేకపోవడం, దానివల్ల ఊపిరితిత్తుల్లోనూ కాళ్లలోనూ నీరు చేరడం అన్న స్థితికి అది పేరు. మందులతో ఏళ్ల తరబడి మంచి జీవితం గడుపుతున్నవారు ఎందరో ఉన్నారు. దానితోపాటు ఎన్‌వైహెచ్‌ఏ క్లాస్ అని 1 నుంచి 4 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే మామూలు పనులకు ఇబ్బంది లేదు. 2 అంటే మామూలు పనులకే కొంత ఆయాసం. 3 అంటే కొద్దిపాటి పనికే ఆయాసం. 4 అంటే కూర్చున్నా ఆయాసమే. ఈ అంకె యంత్రం చెప్పేది కాదు, రోగి చెప్పే మాటల మీద డాక్టరు వేసేది. అందువల్ల రెండు అంతస్తులు ఎక్కితే ఆగవలసి వస్తోందా, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు అన్న వివరాలను ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టరు ముందు బాగానే ఉన్నానని చెప్పే అలవాటు మన పెద్దలలో చాలామందికి ఉంది. దానివల్ల చికిత్స తక్కువగా అందుతుంది.

ఆంజియోగ్రామ్ అంకెలను చదవండి

ముందుగా, ఆంజియో అంటే రక్తనాళం; గ్రామ్ అని ముగిస్తే అది పరీక్ష, ప్లాస్టీ అని ముగిస్తే అది చికిత్స. ఆసుపత్రి అంగీకారపత్రం మీద సీఏజీ ఎస్‌ఓఎస్ పీటీసీఏ అని ఉంటే, ముందు ఆంజియోగ్రామ్ చేస్తాం, అవసరమైతే అప్పుడే ఆంజియోప్లాస్టీ కూడా చేస్తాం అని మీరు సంతకం పెడుతున్నట్టు. సంతకానికి ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

రిపోర్టులో ఒక్కో నాళం పేరు, దాని పక్కన ప్రాక్సిమల్, మిడ్, డిస్టల్ అనే మాట, తరువాత శాతం ఉంటాయి. ప్రాక్సిమల్ అంటే మొదట్లో, మిడ్ అంటే మధ్యలో, డిస్టల్ అంటే చివర్లో. మొదట్లో ఇరుకు ఉంటే దాని దిగువన ఉన్న భాగమంతా ప్రమాదంలో పడుతుంది కాబట్టి, అదే 80 శాతమైనా ఎల్‌ఏడీ మొదట్లో ఉండడానికీ, చిన్న కొమ్మ చివర్లో ఉండడానికీ తేడా ఎంతో ఉంది. సాధారణంగా 70 శాతం పైబడిన ఇరుకును, ఎల్‌ఎమ్‌సీఏలోనైతే 50 శాతం పైబడినదాన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. ఈ శాతం వ్యాసానికి సంబంధించినది: గుండ్రని నాళంలో వ్యాసం సగానికి తగ్గితే, రక్తం పారే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. మధ్యరకం ఇరుకుల విషయంలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే పీడన పరీక్ష చేస్తారు. దాని విలువ 0.80 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఆ ఇరుకు రక్తప్రవాహాన్ని నిజంగా అడ్డుకుంటోందని అర్థం.

చివర్లో ఎస్‌వీడీ, డీవీడీ, టీవీడీ అని ముగింపు ఉంటుంది: ఒకటి, రెండు, మూడు నాళాల జబ్బు. మూడు నాళాల జబ్బుతో పాటు మధుమేహం కూడా ఉన్నవారికి స్టెంట్ల కన్నా బైపాస్, అంటే సీఏబీజీ, మేలని డాక్టర్లు తరచూ సూచిస్తారు. బైపాస్ సమ్మరీలో లీమా టు ఎల్‌ఏడీ అంటే రొమ్ము లోపలి ధమనిని ఎల్‌ఏడీకి కలిపారని, ఎస్‌వీజీ అంటే కాలినుంచి తీసిన సిరను వాడారని. స్టెంట్ వేసిన రిపోర్టులో టిమీ 3 ఫ్లో అని కనిపిస్తే, ఆ నాళంలో ప్రవాహం పూర్తిగా తిరిగివచ్చిందని సంతోషించవచ్చు.

మూడు నాళాల్లో ఇరుకులున్నా గుండెపోటు సమయంలో ఒక్కదానికే స్టెంటు వేసి ఉంటే, మిగిలిన వాటికి ఎప్పుడు, ఏం చేయబోతున్నారో తప్పక అడగండి. సమ్మరీలో ఎక్కువమంది కళ్లబడకుండా పోయే వాక్యం ఇదే అని నా అనుభవం.

ఎకోలో ముందు ఈఎఫ్ చూడండి

ఎల్‌వీఈఎఫ్ 60 శాతం అని చదివి, మిగతా 40 శాతం గుండె పాడైపోయిందనుకునేవారు చాలామంది. అది అలా లెక్కించేది కాదు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్క కొట్టుకు ఎంత భాగం బయటికి వెళుతోందో ఆ అంకె చెబుతుంది. 120 మిల్లీలీటర్లు నిండి 70 బయటికి వెళితే అది సుమారు 58 శాతం, అంటే మంచి పంపింగ్. ఏ ఆరోగ్యవంతుడి గుండె కూడా మొత్తం రక్తాన్ని ఖాళీ చేయదు. 55 నుంచి 70 వరకు మామూలే. 40 లేదా అంతకు తగ్గితే పంపింగ్ బాగా తగ్గినట్టు. 50 పైన ఉన్నా గుండె బిగుసుకుపోయి సరిగ్గా నిండకపోతే హార్ట్ ఫెయిల్యూర్ రావచ్చు. ఈ అంకె కంటితో చూసి వేసే అంచనా అయినప్పుడు, ఇద్దరు డాక్టర్ల మధ్య కొద్దిపాటి తేడా వస్తుంది. 45 కాస్తా 42 అయిందని నిద్ర మానుకోవద్దు. 45 నుంచి 30కి పడితే మాత్రం అశ్రద్ధ చేయవద్దు.

ఆర్‌డబ్ల్యూఎమ్‌ఏ అంటే గుండె గోడలో ఒక భాగం మిగతా భాగాలతో సమానంగా కదలడం లేదని. గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, అంటే గుండె సడలి నిండడంలో కొద్దిపాటి లోపం, వయసు పైబడిన చాలామంది రిపోర్టుల్లో కనిపించేదే. ట్రివియల్ లేదా మైల్డ్ అన్న మాటల వెంట వచ్చే ఎమ్ఆర్, టీఆర్‌లు కవాటం దగ్గర కొద్దిగా వెనక్కి కారుతోందని చెబుతాయి. ఆ కొద్దిపాటి కారడం ఆరోగ్యవంతులలోనూ ఉంటుంది. నో క్లాట్, నో పీఈ అంటే గడ్డ లేదు, గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు లేదు అని. ఇదే పీఈ ఊపిరితిత్తుల స్కాన్ రిపోర్టులో ఉంటే అర్థం వేరు: కాలి సిరల్లాంటి చోట పుట్టిన గడ్డ వెళ్లి పుపుస ధమనిలో అడ్డుపడడం. ఏ పరీక్ష కాగితం చదువుతున్నారో చూసుకున్నాకే అక్షరాలకు అర్థం చెప్పుకోండి.

కవాటాల జబ్బుల పేర్లకు ఒక పద్ధతి ఉంది. మొదటి అక్షరం కవాటం పేరు. వెంట ఎస్ ఉంటే ఇరుకు, ఆర్ ఉంటే వెనక్కి కారడం. మధ్యలో వీ చేరి ఎమ్‌వీఆర్, ఏవీఆర్ అయితే అది జబ్బు కాదు, కవాటం మార్చిన శస్త్రచికిత్స. ఆర్‌హెచ్‌డీ అని ఉంటే, చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చిన కీళ్లవాతజ్వరం కవాటాలను దెబ్బతీసిందని అర్థం. మన దేశంలో ఇది ఇంకా పోలేదు. గర్భం ధరించాక ఆయాసం వచ్చి, అప్పుడే తొలిసారి ఈ జబ్బు బయటపడే స్త్రీలు ఉన్నారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాసి ఉంటే, ఒంట్లో బాగుందని దానిని మధ్యలో ఆపవద్దు. పిల్లల రిపోర్టుల్లో ఏఎస్‌డీ, వీఎస్‌డీ అంటే గదుల మధ్య గోడలో రంధ్రం. డివైస్ క్లోజర్ అంటే ఆపరేషన్ లేకుండా గొట్టం ద్వారా మూయడం.

ఈసీజీ గీతలను చదవడం మన పని కాదు. పైన ముద్రించిన మాటలు చాలు. ఎన్‌ఎస్‌ఆర్ అంటే లయ మామూలుగా ఉంది. బ్రాడీ నెమ్మది, టాకీ వేగం. ఏఎఫ్ మాత్రం గుర్తుపెట్టుకోవలసినది: కర్ణికలు క్రమం తప్పి అదరడం వల్ల లోపల గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు కాబట్టి, చాలామందికి రక్తం పలచబరిచే మందు అవసరమవుతుంది. సీహెచ్‌బీ అంటే పైనుంచి కిందికి విద్యుత్ సంకేతం అందడం లేదు. పక్కనే పీపీఐ ఉంటే పేస్‌మేకర్ అమర్చారని.

మందుల పట్టికను జబ్బుతో జత చేయండి

ఓడీ రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఎస్‌ఓఎస్ అవసరమైతేనే. ఎస్‌ఓఎస్ పక్కన సార్బిట్రేట్ ఉంటే, అది ఛాతీనొప్పి వచ్చినప్పుడు కూర్చుని నాలుక కింద పెట్టుకునేది. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కింద పడవచ్చు. నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

మందు పేరు చివరను బట్టి దాని వంశం తెలుస్తుంది. లాల్ అని ముగిసేవి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ప్రిల్, సార్టన్ అని ముగిసేవి బీపీని తగ్గించడమే కాక బలహీనపడిన గుండెను కాపాడతాయి. ప్రిల్ మందులతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. స్టాటిన్ కొవ్వును తగ్గించి నాళం గోడను నిలకడగా ఉంచుతుంది. బీపీ లేదు కదా, బీపీ మాత్ర ఎందుకు, షుగర్ లేదు కదా, డాపాగ్లిఫ్లోజిన్ ఎందుకు అన్న సందేహంతో మాత్రలు పక్కన పెట్టేసేవారున్నారు. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఇవి గుండె కోసమే ఇస్తారు.

డీఏపీటీ అంటే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ వంటి రెండో మందు. గుండెపోటు తరువాత స్టెంటు వేసినవారికి సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. పన్ను తీయించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా, గుండె డాక్టరును అడగకుండా వీటిని ఆపకూడదు. అకస్మాత్తుగా ఆపితే స్టెంటులో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. లోహపు కవాటం ఉన్నవారికి ఇచ్చే ఎసిట్రామ్, వార్ఫరిన్ వేరే కోవకు చెందినవి. వాటికి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష తప్పదు. ఎంత ఉండాలన్న లక్ష్యాన్ని సమ్మరీలోనే రాయించుకోండి. ఆకుకూరలు ఈ మందుల ప్రభావాన్ని మారుస్తాయి, అయినా వాటిని పూర్తిగా మానేయనక్కర్లేదు, వారం వారం తినే మోతాదు పెద్దగా మారకుండా చూసుకుంటే చాలు.

చివరగా రివ్యూ తేదీ చూసి, ఎకో మళ్లీ ఎప్పుడు చేయాలో రాశారా అని వెతకండి. గుండెపోటు వల్ల మొద్దుబారిన కండరంలో కొంత భాగం వారాల తరబడి నెమ్మదిగా కోలుకుంటుంది. అందుకే ఈఎఫ్ బాగా తగ్గినవారిలో కూడా, ప్రమాదకరమైన లయను సరిచేసే ఐసీడీ యంత్రం అవసరమా కాదా అన్న నిర్ణయాన్ని సాధారణంగా గుండెపోటు తరువాత కనీసం 40 రోజులకు, స్టెంటు లేదా బైపాస్ అయితే సుమారు మూడు నెలలకు మళ్లీ ఎకో చేసి తీసుకుంటారు. ఆ రోజున పాత ఎకోను, కొత్త ఎకోను పక్కపక్కన పెట్టి ఈఎఫ్, ఆర్‌డబ్ల్యూఎమ్‌ఏ, ఎమ్ఆర్ అన్న మూడింటినీ మీరే ముందు పోల్చి చూసుకుని, తేడా కనిపించిన చోట వేలు పెట్టి డాక్టరును అడగండి.